పంచె కింది మాట

ఉగాది పొద్దున బెంగళూరు మహదేవపురలో ఏ అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర నిలబడినా తెలుగు కుర్రాళ్లు పట్టు పంచెల్లో కనబడతారు. ఒక చేతిలో పచ్చడి గిన్నె, రెండో చెయ్యి నడుం ముడి మీద. ఏడాదికి రెండుసార్లు కట్టే పంచె కనుక ఆ ముడి మీద నమ్మకం తక్కువ. అందుకే చాలామంది లోపల మోకాళ్లదాకా షార్ట్స్ వేసుకుని, దానిమీద పంచె చుట్టి, బెల్టు బిగిస్తారు. కాసేపటికి చెమట, బరువు, కూర్చుంటే నడుం దగ్గర ఉండ. పూజ ముగియగానే పంచె విప్పేస్తారు. తప్పు పంచెది కాదు, కింద వేసుకున్నదాన్ని ఎంచుకోవడంలో ఉంది.

మన దేశంలో జాకీ లోదుస్తులు తయారుచేసి అమ్మే పేజ్ ఇండస్ట్రీస్ ప్రధాన కార్యాలయం ఈ మహదేవపుర పరిధిలోనే, కాడుబీసనహళ్లి సెస్నా బిజినెస్ పార్కులో ఉంది. 1994లో పుట్టిన కంపెనీ అది. ఆ జాకీ బ్రీఫ్ మొదటిసారి అమ్మకానికి వచ్చింది 1935 జనవరి 19న, చికాగోలో, మంచు తుపాను రోజున. అంత చలిలోనూ మధ్యాహ్నానికల్లా 600 అమ్ముడుపోయాయి. ఆ బ్రీఫ్‌ను కత్తిరించింది ప్యాంటు కిందికి. ప్యాంటుకు రెండు కాళ్లు, మధ్యలో కుట్టు, ముందు జిప్పు ఉంటాయి. పంచెకు ఇవేవీ లేవు. కాబట్టి పంచె కిందికి ఏది నప్పుతుందనేది విడిగా ఆలోచించాల్సిన విషయం. మన పెద్దవాళ్లు దాన్ని ఏనాడో ఆలోచించారు.

గోచి, గోచిపాత, లంగోటి, కౌపీనం, కచ్చడం... ఈ ఒక్క గుడ్డపేలికకు తెలుగులో ఇన్ని పేర్లు. కట్టే తీరు చూస్తే కుట్టు అక్కర్లేని దాని నేర్పు తెలుస్తుంది. మొలతాడు ముందే కట్టి ఉంటుంది. జానెడు వెడల్పు మెత్తటి నూలుగుడ్డ ఒక కొసను పొట్ట దగ్గర మొలతాడు కిందనుంచి దూర్చి, కాళ్ల మధ్యగా వెనక్కి తీసి, నడుం వెనక మళ్లీ మొలతాడులోనే బిగించి దోపుతారు. ఎలాస్టిక్ లేదు కనుక ఒరుసుకోదు. ఉతికి దండెం మీద వేస్తే గంటలో ఆరుతుంది. 1896లో తిరువణ్ణామలై చేరిన రోజునే రమణ మహర్షి ఒంటిమీది ధోవతి చించి గోచి పెట్టుకున్నారు, జీవితాంతం దానితోనే గడిపారు. తాలింఖానాలో పహిల్వానుకూ అదే రక్ష. తెలంగాణలో చిన్ననాటి స్నేహితుణ్ణి లంగోటి దోస్తు అంటారు. అటువంటి గుడ్డ పేరుతోనే బీదవాణ్ణి గోచిపాతరాయుడని తీసిపారేయడం మాత్రం బాధ కలిగించే సంగతి.

పెద్ద పంచె కట్టులోనూ ఈ గోచే ఉంది. సుమారు 4 మీటర్ల గుడ్డను నడుం చుట్టూ తిప్పి బొడ్డు దగ్గర ముడేసి, ఒక కొసను కుచ్చిళ్లు పోసి ముందు దోపుతారు. రెండో కొసను కాళ్ల మధ్యనుంచి వెనక్కి లాగి నడుం వెనక దోపుతారు. దీన్నే కన్నడంలో కచ్చె పంచె అంటారు. ఇలా కట్టినప్పుడు బట్టే ఒంటిని కాపాడుతుంది. కింద చిన్న బ్రీఫ్ చాలు, గోచి అయితే మరీ సుఖం. షార్ట్స్ వేస్తేనే చిక్కు, కాళ్ల మధ్య రెండు గుడ్డలూ రాసుకుంటాయి.

లుంగీ, అడ్డపంచె సంగతి వేరు. అవి కింద తెరిచే ఉంటాయి, పనిలో దిగితే పైకి మడిచి కడతారు. ఆ అవసరం కోసం పుట్టిందే పట్టాపట్టీ డ్రాయరు. తొడల సగందాకా వదులుగా ఉండే చారల నూలుగుడ్డ, నడుం దగ్గర నాడా, చాలావాటికి పక్కన జేబు. లుంగీకి జేబు లేదు కనుక బీడీకట్ట, చిల్లర అందులోనే. లుంగీ మడిచినా మర్యాద చెడదు. సన్నటి తెల్ల పంచె కింద మాత్రం ఆ చారలు బయటికి కనబడతాయి. అక్కడ చారల్లేని లేత రంగు డ్రాయరే నయం.

కింద ఏం వేసుకోవాలన్న ఈ ప్రశ్న స్కాట్లాండులో కిల్ట్ అనే లంగాలాంటి బట్ట కట్టేవాళ్లనూ వెంటాడుతుంది. కింద ఏమీ వేసుకోకపోవడం సైనిక దళాల ఆనవాయితీగా పేరుపడింది. 1997లో బ్రిటన్ హాంకాంగ్ నుంచి వీడ్కోలు తీసుకున్న రోజుల్లో బ్లాక్ వాచ్ అనే స్కాటిష్ దళ సైనికుడి కిల్ట్‌ను గాలి పైకి లేపిన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. హైలాండ్ నృత్య పోటీల్లో మాత్రం ముదురు రంగు లోదుస్తు ఉండాల్సిందే, గెంతే నాట్యం కదా. అక్కడ మడతలు కుట్టిన బరువైన ఉన్ని, చలి. ఇక్కడ పల్చటి నూలు, చెమట. వాళ్ల ఆనవాయితీ మనకు పనికిరాదు.

ఒంటికి గాలి తగలాలన్న పెద్దల మాట వైద్యులూ చెబుతారు. గజ్జల్లో తామర వచ్చినవారికి వదులైన నూలు బట్టలే వేసుకోమంటారు. 2018లో హ్యూమన్ రిప్రొడక్షన్ పత్రికలో వచ్చిన హార్వర్డ్ పరిశోధన 656 మంది పురుషులను పరిశీలించింది. వదులు బాక్సర్లు వేసుకునేవారిలో వీర్యకణాల సాంద్రత మిగతావారికన్నా 25 శాతం ఎక్కువగా కనబడింది. రోజుకు పది గంటలు కుర్చీలో గడిపే ఐటీ ఉద్యోగికి ఇది పట్టించుకోవాల్సిన లెక్క.

పెళ్లికో పండగకో పంచె కొనేవాళ్లు ఆ రోజే కింద వేసుకునేదీ ఎంచుకోవాలి. గోచి పోసి కడితే చిన్నది, అడ్డంగా కడితే వదులుది, రెంటికీ నూలే. ఊళ్లో తాతయ్య ఉంటే వీడియో కాల్‌లోనైనా ముడి నేర్చుకోండి. ముందురోజు ఒకసారి కట్టి, పీటమీద కూర్చుని లేచి, సింగయ్యనపాళ్య మెట్రో స్టేషను మెట్లెక్కి చూడండి. చెయ్యి ముడి మీదికి పోకుండా పైదాకా వెళ్లగలిగితే పండగరోజు సాయంత్రందాకా ఆ పంచెలోనే ఉండొచ్చు.