గిన్నెల మీది పేరు: విమల ‘వంటిల్లు’ కవితపై ఒక పరిశీలన

పాఠంలోకి వెళ్లే ముందు మీ వంటింట్లోంచి ఒక పాత స్టీలు గిన్నె తీసి, దాని అంచు మీద ఏ పేరు ఉందో చూడండి. గిన్నె కొన్నప్పుడు కొట్లోనే పేరు కొట్టించుకోవడం మనకు అలవాటు. చాలా ఇళ్లలో ఆ పేరు తాతదో నాన్నదో అయి ఉంటుంది. రోజూ ఆ గిన్నె తోమే మనిషి పేరు అరుదుగా కనబడుతుంది. ఇంత మామూలు విషయాన్ని పట్టుకుని విమల ‘వంటిల్లు’ కవిత రాశారు. 1993లో వచ్చిన స్త్రీవాద కవితా సంకలనం ‘నీలిమేఘాలు’ చదివినవారికి ఈ కవయిత్రి పరిచయమే.

కవిత కోపంతో మొదలు కాదని మొదట గమనించాలి. పసితనంలో వంటిల్లు రుచులూ వాసనలూ నిండిన అద్భుతమైన చోటు. ఆ చోటుకు అమ్మ మహారాణి. కానీ గిన్నెల మీద ఉన్నది నాన్న పేరు. తర్వాత ఆ కూతురికి పెళ్లవుతుంది. అదృష్టం కొద్దీ మంచి వంటిల్లే దొరికిందంటారు అందరూ. గ్యాస్ పొయ్యి ఉంది, గ్రైండరు ఉంది, సింకు ఉంది. అమ్మ చేయని కొత్త వంటలు కూతురు చేస్తుంది. మారనిది ఒక్కటే. నాన్న పేరున్న చోట ఇప్పుడు భర్త పేరు ఉంది. వాదన అంతా ఈ పునరుక్తిలోనే జరిగిపోయింది. యంత్రాలు వస్తే చాకిరీ తీరిపోతుందనుకునే వారికి కవయిత్రి ఇచ్చిన జవాబు ఇదే.

మహారాణి అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. ఆడపిల్లను వంటింటికి పంపేది ఆజ్ఞ ఒక్కటే కాదు. చాలాసార్లు ఆ పని మెచ్చుకోలు చేస్తుంది. సూళ్లూరుపేట ప్రాంతంలో పుట్టిన పిల్ల చేపల పులుసు చక్కగా పెడితే ‘అచ్చం వాళ్లమ్మ చేతి రుచే’ అంటారు. ఆ మాటకు పిల్ల మురిసిపోతుంది. మర్నాటి నుంచి పులుసు ఆమె వంతు. అదే ఇంట్లో కొడుకు టీ పెడితే చుట్టాలందరికీ చెప్పుకునేంత విశేషం! ఇక పెళ్లిచూపుల్లో ‘వంట వచ్చా’ అన్న ప్రశ్న అమ్మాయికే. డిగ్రీ చదువుతున్నా అడుగుతారు, తెల్లవారకముందే బస్సెక్కి శ్రీసిటీ ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్తున్నా అడుగుతారు. ‘ఎంత చదివినా గరిటె తిప్పక తప్పదు’ అన్న మాట మీలో ఎంతమంది వినలేదు?

మన సంప్రదాయం గొప్ప వంటను ఎవరి పేరున పిలుస్తుందో చూడండి. నలభీమపాకం అంటాం. ఇద్దరూ మగవాళ్లే. నెల్లూరులో మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన తెలుగు చేసిన విరాటపర్వంలో, రాజుగారి వంటశాలకు వలలుడనే పేరుతో వెళ్లేది భీముడు. నేటికీ పెళ్లివంటల మేస్త్రీలు, హోటల్ మాస్టర్లు ఎక్కువగా మగవారే. కూలి ముట్టే వంట, పేరొచ్చే వంట వారిది. మరి ఇంట్లో వంట? అరణ్యవాసంలో సూర్యుడు అక్షయపాత్రను ధర్మరాజుకు ఇచ్చాడు. ద్రౌపది తినేంతవరకే అందులో అన్నం తరగదు. కాబట్టి అందరూ తిన్నాకే ఆమె తినాలి. పాత్ర భర్తది, చివరి ముద్ద భార్యది. విమల చూసిన గిన్నె అంత పాతది.

ఇప్పుడు అసలు చర్చకు వద్దాం. ఈ కవిత చివర వంటిళ్లను ధ్వంసం చేద్దామన్న పిలుపు ఉంది. దాన్ని పట్టుకుని ‘కవయిత్రి వంటను ద్వేషించింది’ అని రాసేస్తుంటారు. ఆ తీర్పు తొందరపాటు అని నా అభిప్రాయం. ముగింపులో కవయిత్రి ప్రత్యేకంగా నిందించేది ఒంటరి వంటిళ్లను. ఎవరి పొయ్యి దగ్గర వారు, ఎవరి గోడల మధ్య వారు, ఒక్కతే. కూతుళ్లు అందులో అడుగు పెట్టకముందే ఆ ఏర్పాటు పోవాలంటుంది, గిన్నెల మీది పేర్లు చెరిపేయమంటుంది. అన్నం వండవద్దని అనలేదు. ద్వేషమే ఉంటే, బాల్యపు వంటిల్లును అంత ప్రేమగా ఎందుకు వర్ణించినట్టు?

అయితే కవితకు పరిమితి లేకపోలేదు. ఇందులో ‘మనం’ అన్నప్పుడు కనిపించేది మధ్యతరగతి ఇల్లు. వంటకంటూ విడిగా ఒక గది ఉండటమే కొందరికి దక్కిన ఆస్తి. పులికాట్ ఒడ్డున చేపలమ్మి వచ్చి, గుడిసె ముందు మూడు రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించే స్త్రీకి కూల్చడానికి గోడలు లేవు. ఇతరుల వంటిళ్లలో అంట్లు తోమే మనిషి పేరు ఏ గిన్నె మీదా ఉండదు, ఆ ఇంటి ఇల్లాలి పేరు కొట్టించినా సరే. 2003లో గోగు శ్యామల సంకలనం చేసిన ‘నల్లపొద్దు’ను ఈ కవిత పక్కన పెట్టి చదవండి. ఆకలి, కులం, కూలి కలిసిన చోట వంట గురించి వేరే ప్రశ్నలు పుడతాయి.

మరో మాట. 2019లో భారత ప్రభుత్వం చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు. దాదాపు అయిదు గంటలన్నమాట. దూరవిద్యలో చేరిన మీలో చాలామంది ఈ పుస్తకం తెరిచేది ఆ అయిదు గంటలు అయ్యాకే.

అభ్యాసం: ఒక వారం పాటు మీ ఇంట్లో పొద్దున్నే పొయ్యి ఎవరు వెలిగించారో, అందరి తర్వాత ఎవరు తిన్నారో రోజూ రాసి పెట్టుకోండి. ఆ కాగితం పక్కన పెట్టుకుని కవితను రెండోసారి చదవండి. మొదటి పఠనంలో మీరు రాసుకున్న అభిప్రాయంలో ఏ వాక్యం మార్చవలసి వచ్చిందో, ఎందుకో రాయండి.