చెవికి సరిపడే పిట్ట

మా ఇంట్లో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే పని నాకెవరూ చెప్పరు. మొదటి విజిల్‌కే నేను బాల్కనీలోకి పారిపోతానని అందరికీ తెలుసు. మైగ్రేన్‌తో ఇరవై ఏళ్ళ కాపురం నాది. స్టీలు పళ్ళెం మీద చెంచా గీసుకున్నా, పక్క ఫ్లాట్‌లో డ్రిల్లింగ్ మిషన్ మొదలైనా కణత దగ్గర నరం లేచి కూర్చుంటుంది. అలాంటి మనిషి పిట్టల్ని పెంచుతానంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. నవ్వరూ మరి!

"అంత సరదాగా ఉంటే చేపల్ని పెంచుకో, నోరెత్తవు" అన్నారు అత్తయ్య. అన్నారే గానీ ఆవిడ మనసులో రామచిలుక ఉంది. చిన్నప్పుడు వాళ్ళింటి వసారాలో పంజరం వేలాడేదట. గుమ్మంలో ఎవరు అడుగుపెట్టినా చిలుక "ఎవరూ?" అని అడిగేదట. "అలాంటిదొకటి తెచ్చావంటే నాకూ కాలక్షేపమే" అన్నారు చివరికి.

"చిలుకను పంజరంలో పెడితే ఇప్పుడు నేరం అత్తయ్యా."

"మరి చిలక జోస్యం చెప్పేవాళ్ళో?"

వాళ్ళకీ అదే చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుక, కొండ గోరింక, మునియా లాంటి మన పిట్టల్ని పట్టుకోవడం, అమ్మడం, ఇంట్లో పెంచడం కుదరదు. ఆవిడ నమ్మలేదు. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన్ని అడిగి నిర్ధారణ చేసుకున్నారు.

మా అమ్మాయి కోరిక ఇంకో రకం. ఫోన్‌లో రీల్స్ చూసి సన్ కన్యూర్ కావాలంది. పసుపూ నారింజా కలిసిన దక్షిణ అమెరికా చిలుక. అందం సంగతి అడగక్కర్లేదు. అలాంటి జాతుల్ని పెంచుకోవాలంటే 2022 చట్ట సవరణ తర్వాత కేంద్రం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, అది వేరే పని. మా బ్లాకులోనే నాలుగో అంతస్తులో ఒకటుంది. లిఫ్ట్ రెండో అంతస్తు దాటేసరికే దాని గొంతు వినిపిస్తుంది. ఒక సాయంత్రం పిల్లని తీసుకుని చూడ్డానికి వెళ్ళి, చెప్పులు విప్పకుండానే తిరిగొచ్చాను.

ఇక నేను చేసిన తప్పు. వేసవిలో మధ్యాహ్నం రెండింటికి పక్షుల దుకాణానికి వెళ్ళాను. లోపల ముప్ఫై నలభై పిట్టలున్నా చప్పుడు లేదు. ఒంటికాలి మీద నిలబడి, వీపు ఈకల్లో ముక్కు దూర్చి అన్నీ కునుకు తీస్తున్నాయి. "లవ్ బర్డ్స్ మేడమ్, సౌండ్ అసలే ఉండదు" అన్నాడు దుకాణం కుర్రాడు. కళ్ళెదుట సాక్ష్యం కనిపిస్తుంటే నమ్మకేం చేస్తాను? ఒక జత, ఒక పంజరం, గూడు కోసం చిన్న మట్టికుండ, కిలో కొర్రలు కొనుక్కుని ఆటో ఎక్కాను.

మన దగ్గర అందరూ లవ్ బర్డ్స్ అనే ఆ పిట్టలు లవ్ బర్డ్స్ కావు, బడ్జెరిగార్లు. ఆస్ట్రేలియా లోపలి మెట్ట భూముల్లో పెద్ద పెద్ద గుంపులుగా తిరిగే చిన్న చిలుకలు. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త ఇంగ్లండుకు తీసుకెళ్ళాక అక్కణ్ణుంచి ఊరూరా పాకాయి. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, పొట్టి తోకవి, గొంతు ఇంకా ఘాటు. వాటిని మన దుకాణాల్లో 'ఆఫ్రికన్ లవ్ బర్డ్స్' అంటారు. ఈ పేర్ల తికమక తెలియకపోతే ఒక పిట్ట గురించి చదువుకుని ఇంకో పిట్టను ఇంటికి తెచ్చుకుంటాం.

బడ్జీ గొంతు పెద్దదని నేననను. అది గొణుగుతుంది. తెల్లవారి కర్టెన్ తీసింది మొదలు ఆ గొణుగుడు మొదలవుతుంది. మధ్యలో ఒక కిచకిచ, ఒక విసురు, మళ్ళీ గొణుగుడు. గుంపులో బతికే ప్రాణి కదా, "నేనున్నాను, నువ్వున్నావా" అని పక్కవాళ్ళని పలకరించుకుంటూ ఉంటేనే దానికి ధైర్యం. మధ్యాహ్నం కాసేపు కునుకు, నేను దుకాణంలో చూసింది ఆ కాసేపే. పదకొండో రోజున పంజరం పట్టుకుని కింది అంతస్తులో ఒంటరిగా ఉండే బామ్మగారి తలుపు తట్టాను. వారం తర్వాత మెట్ల దగ్గర కనబడి, "ఇల్లు ఇన్నాళ్ళకి మాట్లాడుతోందమ్మా" అన్నారు. అవే పిట్టలు, అదే గొణుగుడు.

ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. సాధారణంగా 'ఏ పిట్ట శబ్దం తక్కువ' అని అడుగుతాం. నేనూ అదే అడిగాను. శబ్దం ఎంత అన్నదానికి చట్టంలో లెక్కుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. నా కణతకు ఆ లెక్కలతో పని లేదు. రేకుల షెడ్డు మీద వాన కురుస్తుంటే హాయిగా నిద్రపోతాను, అది చిన్న శబ్దమేమీ కాదు. చెంచా గీత దాంతో పోలిస్తే ఎంత? అయినా ఆ రోజంతా పోతుంది.

అందుకని ఒక పాత నోటుబుక్కులో రెండు వారాలపాటు రాసుకున్నాను. ఏ చప్పుడుకి నొప్పి మొదలైంది, దేనికి కాలేదు. కుట్టు మిషన్, సీలింగ్ ఫ్యాను టకటక, దూరంగా గుడి గంట, పావురాల గుడగుడ: ఇబ్బంది లేదు. విజిల్, హారన్, పసిపిల్లల కీచుకేక, స్టీలు: ఇబ్బంది. చదివి చూస్తే లెక్క తేలిపోయింది. సన్నగా, గురిచూసి కొట్టినట్టు వచ్చే శబ్దమే నా శత్రువు. మనిషి చెవి 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య శబ్దాల్ని మిగతావాటికంటే బాగా పట్టుకుంటుంది. చెవి గొట్టం పొడవు రెండున్నర సెంటీమీటర్లే కాబట్టి 3000 దగ్గర అది వేణువులా మోగి, వచ్చిన శబ్దాన్ని ఇంకా పెంచుతుంది. చిన్న చిలుకల కేకలు చాలావరకు పడేది సరిగ్గా అక్కడే. పిడికెడు లేని పిట్ట తలలోకి మేకు దిగేసినట్టు అరవగలగడంలో రహస్యం అదీ.

నాకు లొంగని శబ్దం మీకు లొంగవచ్చు. మా ఆడపడుచుకి సన్నని కూత పట్టదు గానీ ఆగకుండా ఒకేలా సాగే శబ్దమంటే పిచ్చెక్కుతుంది. పావురాల గుడగుడకి ఆవిడ కిటికీలు బిడాయించుకుంటుంది. ఆవిడకి నేను డైమండ్ డవ్ అనే బుల్లి గువ్వని సిఫారసు చేశానంటే మా మధ్య మాటలుండవు.

రెండో ప్రయత్నంలో దుకాణం జోలికి పోలేదు. ముర్గీ చౌక్ లాంటి పక్షుల బజారులో నిలబడితే ఏ గొంతు దేనిదో ఎలాగూ తెలియదు. పెంచేవాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాను, అదీ పొద్దు వాలేవేళ. పిట్టలు గొంతెత్తేది పొద్దున్నే ఒకసారి, గూటికి చేరేముందు ఒకసారి.

మొదట కాకటీల్. తలమీద తురాయి, బుగ్గమీద నారింజ బొట్టు, మనిషి దగ్గరకి వచ్చి తల వంచి గోకించుకుంటుంది. మగది ఈల వేస్తుంది, ఆడది చాలావరకు మౌనం. ఆడదాన్నొకదాన్ని తెచ్చుకుందామని దాదాపు ఖాయం చేసుకున్నాను. ఇంతలో ఆ ఇంటాయన పక్కగదిలోకి వెళ్ళాడు. వెంటనే అది ఆయన కోసం ఒక కేక వేసింది. నా నోటుబుక్కులో ఎర్ర గీత పడింది. పైగా వీటి ఒంటినుంచి రాలే తెల్లటి పొడి ఆయాసమున్న ఇంటికి మంచిది కాదు. అర్ధరాత్రి చీకట్లో ఏ నీడకో బెదిరి పంజరమంతా టపటపా కొట్టుకోవడం కూడా ఈ జాతికి ఉన్న గుణం. నిద్రలోంచి అలా లేస్తే నాకు ఆ వారమంతా సెలవే.

కానరీ పాట మీద నాకు మోజుండేది. జర్మనీలో హార్జ్ కొండల దగ్గర గనుల పనివాళ్ళు తరాల తరబడి ఏరి ఏరి పెంచిన రోలర్ కానరీలు ముక్కు మూసుకుని, లోగొంతుకతో పాడతాయి. చప్పుడు పడని మనుషుల కోసమే ఎవరో కనిపెట్టినట్టుంటుంది ఆ సంగతి! నేను చూసిన కానరీలన్నీ మాత్రం రంగు చెప్పి అమ్మినవే, పాట చెప్పి అమ్మినవి కావు. పైగా మెత్తగా పాడినా కొనసాగించి పాడే పిట్ట అది.

మూడో ఇంట్లో జీబ్రా ఫించ్‌లు దొరికాయి. పిచ్చుకలో సగం. మగదానికి గొంతుమీద జీబ్రా చారలు, బుగ్గమీద ఇటుక రంగు మచ్చ, లక్కలా ఎర్రటి ముక్కు. ఆడది బూడిద రంగు చీర కట్టుకున్నట్టు నిరాడంబరంగా ఉంటుంది. చంటిపిల్లల రబ్బరు బొమ్మని మెల్లగా నొక్కితే వచ్చే చప్పుడుంటుందే, వాటి పలకరింపు అది. ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. పాడేది మగదొక్కటే, తండ్రి దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క చిన్న పాట, రెండు సెకన్లు కూడా ఉండదు. ఆ ఇంటావిడ టీ ఇచ్చారు. గంటసేపు కూర్చున్నాను. కణత దగ్గర ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున్న ఆరున్నరకి మళ్ళీ వస్తానంటే ఆవిడ వింతగా చూశారు గానీ కాదనలేదు. అప్పుడూ ఏమీ కాలేదు. ఒక జత తెచ్చుకున్నాను. వీటిని ఒంటరిగా పెంచకూడదు. చేతిమీదకి వచ్చి కూర్చునే రకమూ కాదు. ముద్దు చేసుకోవాలనుకునేవాళ్ళు నిరాశపడతారు. నాకు కావలసింది దూరం నుంచి చూసుకునే ప్రాణి కాబట్టి సరిపోయింది.

పిట్టతో పాటు గదిని కూడా ఎంచుకోవాలని తర్వాత తెలిసింది. ముందు పంజరం హాల్లో పెట్టాను. నేలంతా టైల్స్, గోడలు బోసి, ప్రతి కూతా రెండుసార్లు వినబడేది. దళసరి దుప్పటి కర్టెన్‌గా వేలాడదీసి, పంజరం వెనక పుస్తకాల అలమర ఉన్న గదికి మార్చాక అవే గొంతులు సగం మెత్తబడ్డాయి. వంటింటి పక్కన అసలు పెట్టకూడదు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ పిట్టల ప్రాణం తీస్తుంది. మిక్సీ ఇంకో సమస్య. మిక్సీ వేయగానే ఇవీ గొంతు పెంచేవి. చప్పుడు మధ్య మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లో ఎటియెన్ లొంబార్ అనే ఫ్రెంచి డాక్టరు గమనించాడు. తర్వాత పిట్టల్లోనూ అదే చూశారు, ఈ జీబ్రా ఫించ్‌లూ, నేను వదిలించుకున్న బడ్జీలూ ఆ జాబితాలోవే. టీవీ తగ్గిస్తే పిట్టలూ తగ్గాయి. సీరియల్ వాల్యూమ్ తగ్గించమని అత్తయ్యతో చెప్పడానికి నాకు దొరికిన ఏకైక శాస్త్రీయ ఆధారం ఇదే. పని చేసింది కూడా, కొన్నాళ్ళు.

ఆ పాత మట్టికుండ పారేయబుద్ధి కాక కొత్త పంజరంలో తగిలించడం నేను చేసిన రెండో తప్పు. పది రోజుల్లో గుడ్లు, ఇంకో రెండు వారాల్లో పిల్లలు. మొదట్లో మురిసిపోయాం. తర్వాత ఆకలేసినప్పుడల్లా నాలుగు పిల్లలూ నోళ్ళు తెరిచి గరగరా ఆకురాయితో గీసినట్టు అరవడం మొదలెట్టాయి. రెక్కలొచ్చి సొంతంగా తినేదాకా నేను చెవుల్లో దూదితో తిరిగాను. ఈ పిట్టలకి గూడు కనిపిస్తే చాలు, కాన్పుకీ కాన్పుకీ మధ్య ఊపిరి తీసుకోవు. శబ్దం తక్కువ పిట్టను ఎంచుకుని, రెండు నెలల్లో ఆరు పిట్టల ఇల్లు చేశాను. నాలుగింటిని వాటి తల్లి పుట్టింటికే, అంటే టీ ఇచ్చిన ఆవిడకే ఇచ్చేశాను.

అప్పటికైనా కుండ తీయవలసింది. జనవరిలో ఒక పొద్దున్న దుప్పటి తీస్తే మగదొక్కటే పలికింది. ఆడది పంజరం అడుగున, ఒళ్ళంతా ఉబ్బించుకుని ఉన్ని ఉండలా కూర్చుంది, కళ్ళు సగం మూతలు. పిట్టలు జబ్బుని చివరిదాకా దాచుకుంటాయి. మందలో నీరసంగా కనబడితే గద్దకి దొరుకుతామని వాటి భయం. కాబట్టి నోరు మూతపడిందంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట. పశువుల డాక్టరుగారు చూసి గుడ్డు అడ్డం పడిందన్నారు. వెచ్చగా బల్బు వెలుగులో ఉంచి, కాల్షియం చుక్కలు పోసి, మధ్యాహ్నానికల్లా గండం గట్టెక్కించారు. "సముద్రపు నురుగు పెట్టలేదా?" అని అడిగారు. మూలికల కొట్లో అమ్మే తెల్లటి పెళుసు ముక్క, కటిల్ చేప వెన్ను. పది రూపాయల వస్తువు, నాకు తట్టలేదు. అది తగిలించాను, కుండ తీసేశాను.

ఇప్పుడు వంటింట్లో ఉన్నా నా చెవి ఆ గదివైపే ఉంటుంది. ఏ అరగంటకో ఒక 'మీప్' వినబడకపోతే వెళ్ళి చూసొస్తాను.

చప్పుడు పడని మీరు కూడా పిట్టను తెచ్చుకోవాలనుకుంటే మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళకండి. ఎవరింట్లోనైనా ఆ జాతి పిట్ట ఉంటే పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి వెళ్ళి గంటసేపు కూర్చోండి. టీ ఇస్తే తాగండి. ఆ రాత్రి తలనొప్పి రాకపోతే, మర్నాడు ధర అడగండి.