ఈలల దారి – ఒక విమర్శ

మెరుపునుండి వెలువడు రేడియో తరంగములలో కొన్ని చెవికందు పౌనఃపున్యములు గలవి. పొడవైన తీగకు యాంప్లిఫయరు తగిలించి వినినచో, అవి ఒక్కొక్కప్పుడు కీచుగా మొదలై క్రమముగా దిగిపోవు ఈలలుగా వినవచ్చును. ఇవి ఏ దారిని వచ్చుచున్నవి? 1953లో రాయల్ సొసైటీ పత్రికలో ఎల్. ఆర్. ఓ. స్టోరీ ప్రకటించిన వ్యాసము ఈ ప్రశ్నకు జవాబు.

దాని బలమంతయు వాదనలో నున్నది. కొన్ని ఈలలకు ముందు ‘టిక్కు’మను చప్పుడు వచ్చును, కొన్నింటికి రాదు. మొదటివాని సాగుదల రెండవవానికి రెట్టింపు. కావున తరంగము అయనావరణమును దాటి, భూ అయస్కాంత బలరేఖ వెంట అవతలి అర్ధగోళమునకు పోవునని, మెరుపు మనవైపు పుట్టినచో అక్కడ తాకి తిరిగి వచ్చునని స్టోరీ నిర్ణయించెను. ఈలల ఆలస్యమునుబట్టి, వేల కిలోమీటర్ల ఎత్తున గూడ ఘన సెంటీమీటరుకు కొన్ని వందల ఎలక్ట్రానులుండవలెనని లెక్కగట్టెను. 1956లో మోర్గన్, ఆల్కాక్‌లు ఒకే బలరేఖ రెండు కొనలయందును ఈలలను విని ఈ దారిని బలపరచిరి.

అయినను లోపములు రెండు. హెచ్చు పౌనఃపున్యము ముందు చేరునను సూత్రము తక్కువ పౌనఃపున్యములకే చెల్లును. 1956లో వెల్లడియైన ‘ముక్కు ఈల’లలో నడిమి పౌనఃపున్యమే ముందు చేరును. రెండవది, శక్తి బలరేఖనుండి 19½ డిగ్రీలకు మించి తొలగదని స్టోరీ చూపెను. కాని అంతమాత్రమున తరంగము ఒకే రేఖకు కట్టుబడదు. ఎలక్ట్రానుల సాంద్రతలోని హెచ్చుతగ్గులచే ఏర్పడు నాళములు దానిని నడిపించునని తరువాతివారు తెలిపిరి.

దారి సరియైనది, కారణము సగమే. ఉపాధ్యాయులు ఈ రెండింటిని కలిపి చెప్పినచో, శాస్త్రము ఎట్లు పెరుగునో విద్యార్థికి తెలియును.