ఒక్క అంచు, చెంబెడు నీళ్లు

గడ్డం బాగా గీసినందుకు పన్నులు రద్దయిన నేల మా రాయలసీమ. విజయనగరంలో సదాశివరాయలు సింహాసనం మీద, అళియ రామరాయలు పెత్తనంలో ఉన్న కాలం, అంటే 1540ల నాటి మాట. బాదామి కొండోజు అనే క్షురకుడి పనితనానికి రామరాయలు మెచ్చాడు. ఆ మెప్పును ఆసరా చేసుకుని కొండోజు తన వృత్తివాళ్ల నెత్తిన ఉన్న పన్నులు, వెట్టి మాఫీ చేయించాడు. ఆ మాఫీని రాళ్ల మీద చెక్కించారు. కడప, అనంతపురం ప్రాంతాల్లో అలాంటి శాసనాలు దొరికాయి. యుద్ధాలు గెలిచిన శాసనాలు మనకు బోలెడున్నాయి. ఇవి మాత్రం గొంతు మీద గాటు పడకుండా కత్తి నడిపిన చేతికి దక్కిన గౌరవం. అందుకే వీటి గురించి చదివినప్పుడల్లా నా మనసు నిండుతుంది.

ఆ కత్తికి ఉన్నది ఒకటే అంచు. ఇప్పుడు దుకాణాల్లో మూడు బ్లేడ్ల రేజర్లు, అయిదు బ్లేడ్ల రేజర్లు వరసగా వేలాడుతుంటాయి. 1971లో రెండు బ్లేడ్ల రేజరు వచ్చింది మొదలు, బ్లేడ్లు పెరిగేకొద్దీ గడ్డం నున్నగా తెగుతుందని మనకు చెబుతూనే ఉన్నారు. నేను ఒప్పుకోను. మంచి ఉక్కుతో మలిచిన బరువైన రేజరు ఒకటి, దానికి పదునైన ఒక్క అంచు ఉంటే మనిషి జీవితాంతం గడ్డం గీసుకోవచ్చు. మిగిలిందంతా చేయి నేర్చుకోవలసిన విద్య. ఆ విద్య మన నాయీ బ్రాహ్మణుల దగ్గర తరతరాలుగా ఉంది.

శ్రీశైలం అడవి దగ్గరున్న మా ఆత్మకూరులో ఉండేవాళ్లకు గడ్డం సంగతి కాస్త ఎక్కువే తెలుస్తుంది. శివరాత్రి వస్తుందంటే కాలినడక భక్తులు ఇటే వస్తారు. వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటి, కైలాసద్వారం మెట్లెక్కి శ్రీశైలం చేరతారు. వాళ్లలో శివదీక్ష తీసుకున్నవాళ్లు మండలం పాటు, 41 రోజులు, గడ్డానికి కత్తి తగలనివ్వరు. దీక్ష విరమించి వచ్చాక ఆ గడ్డాన్ని అయిదు బ్లేడ్ల రేజరుతో గీసుకోబోతే తెలుస్తుంది దాని శక్తి ఎంతో. రెండు లాగులకే బ్లేడ్ల సందుల్లో వెంట్రుకలు ఇరుక్కుంటాయి, ఇక అది గీకదు, పీకుతుంది. సెలూనులో అయితే ముందు కత్తెరతో గడ్డాన్ని పొట్టిగా కత్తిరిస్తారు. తర్వాత తడి, తర్వాత నురగ, ఆ తర్వాతే కత్తి. ఒకే అంచు కాబట్టి వెంట్రుకలు ఇరుక్కోవడానికి చోటుండదు. గీయడం, తుడవడం, మళ్లీ గీయడం, అంతే.

ఇంట్లో వాడుకునే సింగిల్ ఎడ్జ్ సేఫ్టీ రేజరు ఈ కత్తికి దగ్గరి చుట్టమే. ఫ్రాన్సులో 18వ శతాబ్దంలోనే జాన్ జాక్ పెరే అనే కత్తుల తయారీదారు, చర్మంలోకి దిగకుండా కత్తికి చెక్క తొడుగు వేశాడు. 1880లో న్యూయార్కులో కాంఫె సోదరులు ‘స్టార్’ పేరుతో ఒక రేజరు తెచ్చారు. అందులో బుల్లి తలలో పొట్టి కత్తి ముక్క ఒకటి, దాని ముందు కాపుగా ఒక అంచు. ఆ ముక్కను తీసి తోలుపట్టీ మీద పదును పెట్టుకోవలసి వచ్చేది. పదును పెట్టే పనే లేకుండా, అరిగితే పారేసే పలుచని బ్లేడు చేద్దామన్న ఆలోచన కింగ్ క్యాంప్ గిల్లెట్‌ది. అంత పలుచని రేకును గట్టిపరచి పదును నిలబెట్టడం కుదరదని ఉక్కు తెలిసినవాళ్లు అన్నారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు దాన్ని సాధించాడు. 1903లో అమ్మకానికి వస్తే ఆ ఏడాది పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. పేటెంటు 1904లో చేతికొచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం తన సిపాయిల కోసం 35 లక్షల రేజర్లు కొన్నది. అక్కణ్నుంచి ఇంట్లో గడ్డం గీసుకోవడం లోకమంతటా అలవాటైంది.

గిల్లెట్ బ్లేడుకు రెండు అంచులు. అది పలుచన, ఒక మిల్లీమీటరులో పదో వంతే మందం. సింగిల్ ఎడ్జ్ రేజర్లకని చేసే పాత జెమ్ తరహా బ్లేడు దానికి రెట్టింపు కన్నా మందం. మందం ఎందుకంటే, గట్టి వెంట్రుక తగిలినప్పుడు పలుచని రేకు వణుకుతుంది, ఆ వణుకే చర్మం మీద మంటవుతుంది. మందపాటి బ్లేడు వణకదు. మంచి రేజరు తయారీదారుల కష్టమంతా ఈ వణుకును ఆపడానికే. ఉక్కు దిమ్మెను యంత్రంతో చెక్కి, బ్లేడును అంచుకు అతి దగ్గరగా బిగించి పట్టేటట్టు తలను మలుస్తారు. పోతపోసిన చవక లోహానికి పైపూత వేసిన రేజరు కొన్నేళ్లకు పూత లేచి, మర దగ్గర విరగవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలు రేజరు మనవడికి కూడా పనికొస్తుంది.

మా వైపు ఒక్క అంచునే కోరుకోవడానికి ఇంకో ముఖ్యమైన కారణముంది. నీళ్లు. గిల్లెట్ కంపెనీ ఒకప్పుడు మన దేశం కోసమని ఒక రేజరు చేసి, బోస్టన్‌లో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల చేత వాడించి చూసింది. వాళ్లు బాగుందన్నారు. ఇక్కడికి తెస్తే ఆడలేదు. అక్కడి పిల్లలు కొళాయి ధార కింద రేజరు కడిగారు. ఇక్కడ చాలా ఇళ్లలో మగ్గులోనో గిన్నెలోనో నీళ్లు పెట్టుకుని, చిన్న అద్దం ముందు కూర్చుని గీసుకుంటారు. ఆ కాసిని నీళ్లలో ముంచితే బ్లేడ్ల మధ్య ఇరుక్కున్న వెంట్రుకలు రాలేవు. తర్వాత కంపెనీవాళ్లు మన ఇళ్లకే వచ్చి కూర్చుని, మనుషులు గీసుకుంటుంటే గమనించారు. 2010లో ‘గిల్లెట్ గార్డ్’ తెచ్చారు. అప్పుడు దాని ధర 15 రూపాయలు, మార్చుకునే బ్లేడు 5 రూపాయలు. అందులో ఉన్నది ఒకే ఒక్క బ్లేడు! బ్లేడ్లు పెంచుకుంటూ పోయిన కంపెనీయే, చెంబెడు నీళ్లతో సరిపెట్టుకునే మన ఇంటికొచ్చేసరికి ఒక్క అంచుకు తిరిగి రావలసి వచ్చింది.

ఇక గీసుకునే తీరు. ఇక్కడ తొందరపడితే ఎంత ఖరీదైన రేజరూ కాపాడదు.

మొదటి సంగతి మళ్లీ నీళ్లే. పక్కన కృష్ణ ఉన్నా, వెలుగోడు జలాశయం ఉన్నా, చాలా ఇళ్లలో వాడేది బోరు నీళ్లు. కఠినత్వం ఉన్న నీళ్లలో సబ్బు సరిగా నురగ కట్టదు. కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని తెల్లటి తెట్టుగా మారుస్తాయి. నురగ రాలేదని సబ్బును తిట్టుకునేవాళ్లు చాలామంది, తప్పు నీళ్లది. గడ్డానికి కావలసినవి కాసిని నీళ్లే కాబట్టి వాటిని మరగకాచి, తేర్చి, గోరువెచ్చగా అయ్యాక వాడితే కొంతవరకు దారికొస్తుంది. వానకాలమైతే పట్టిపెట్టుకున్న వాననీళ్లంత మేలైనవి లేవు.

ఆ వెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డను రెండు మూడు నిమిషాలు గడ్డానికి అద్దాలి. నీరు తాగిన వెంట్రుక మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. తెగేటప్పుడు వెంట్రుక బ్లేడును ఏం చేస్తుందో కూడా చూద్దాం. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో లోహాల మీద పనిచేసే పరిశోధకులు 2020లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. వెంట్రుక ఉక్కు కన్నా 50 రెట్లు మెత్తన. మరి దాన్ని కోసి బ్లేడు ఎందుకు మొద్దుబారుతుంది? సూక్ష్మదర్శిని కింద చూస్తే బ్లేడు అంచు అరగడం కన్నా, అక్కడక్కడ పెచ్చులు లేచిపోతోంది. వెంట్రుక వంగి, అంచుకు ఏటవాలుగా తగిలి, ఆ చోట ఉక్కు లోపలి అల్లిక ఒక్క తీరుగా లేకపోతే చిన్న పెచ్చు ఊడుతుంది. చర్మాన్ని వేలితో లాగిపట్టి, వెంట్రుకను నిలబెట్టి గీయమని మన క్షురకులు చెప్పేది ఎందుకో నాకు ఇది చదివాక ఇంకా బాగా అర్థమైంది. చర్మానికే కాదు, బ్లేడుకూ అదే మేలు.

బ్రష్షుతో నురగను చెంపల మీద గుండ్రంగా తిప్పాలి. అప్పుడు పడుకున్న వెంట్రుకలు లేస్తాయి. నురగ పెరుగు మీగడలా ఉండాలి, సబ్బు బుడగలుగా కాదు. రేజరు తలను చెంపకు ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించుతూ పోతే ఒకచోట బ్లేడు వెంట్రుకను పట్టుకుంటుంది. చర్మానికి, బ్లేడుకు మధ్య ఇంచుమించు 30 డిగ్రీలు. కొన్ని సింగిల్ ఎడ్జ్ రేజర్లలో ఈ వాలు తలలోనే మలిచి ఉంటుంది, తలను చెంపకు చదునుగా ఆనిస్తే చాలు. ఆ వాలు కుదిరిందని చెవి చెబుతుంది. సన్నగా, తడి ఇసుక మీద అడుగు వేసినట్టు చప్పుడొస్తుంది. చప్పుడు ఆగిందంటే వాలు తప్పింది.

నొక్కకూడదు. కొత్తగా ఈ రేజరు పట్టినవాళ్లకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే, ఎందుకంటే ప్లాస్టిక్ రేజరు మనకు నొక్కడం అలవాటు చేసింది. మా ఊళ్లో పెద్ద క్షురకుడొకాయన నాతో అన్న మాట ఇది: “నూకాకన్నా, దాని బరువుకు అదే దిగతాది.” బరువైన రేజరుకు డబ్బు పెట్టడంలోని అర్థమంతా ఆ ఒక్క మాటలో ఉంది. చేయి దారి చూపాలి, బరువు పని చేయాలి.

మొదటిసారి వెంట్రుక వాలిన దిక్కుకే గీయాలి. ఆ దిక్కు మనిషి మనిషికీ వేరు. చెంపల మీద కిందికి పెరిగినా, గొంతు మీద పక్కకో పైకో తిరుగుతుంది, కొందరికి సుడి ఉంటుంది. రెండు రోజుల గడ్డం మీద వేళ్లు నిమిరితే తెలిసిపోతుంది. మళ్లీ నురగ పట్టించి అడ్డంగా ఒకసారి. ఎదురుగీత అందరికీ పడదు. వెంట్రుక ఉంగరాలు తిరిగినవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. ఎక్కువ బ్లేడ్ల రేజర్లలో ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగితే వెనక బ్లేడు కోస్తుంది. తెగిన మొన చర్మం లోపలికి జారి, అక్కడే వంకరగా పెరిగి, చీముపొక్కై లేస్తుంది. మెడ మీద ఎప్పుడూ పొక్కులతో బాధపడే కుర్రవాళ్లను చూస్తుంటాను. వాళ్లకు క్రీముల కన్నా ముందు ఒక్క అంచు రేజరు చేతికివ్వాలి. అది వెంట్రుకను చర్మం మట్టానికే కోసి వదిలేస్తుంది.

అయ్యాక చన్నీళ్లు, ఆపైన పటిక. తడి చెంప మీద పటిక బిళ్ల రుద్దితే సన్నని గాట్ల దగ్గర రక్తం గడ్డకట్టి ఆగుతుంది. ఎక్కడ నొక్కారో అక్కడ చురుక్కుమంటుంది కూడా. మర్నాడు చేయి ఎక్కడ తేలిక చేయాలో ఆ మంటే చెబుతుంది.

బ్లేడును గుడ్డతో తుడవకూడదు. అంచు మీద కంటికి కనపడని పలుచని పూతలుంటాయి, తుడిస్తే అవీ పోతాయి, వేలూ తెగుతుంది. కడిగి, విదిలించి, ఆరబెట్టాలి. నాలుగైదు క్షవరాలకు ఒక బ్లేడు మార్చుకుంటే చాలు.

ఒక చిక్కుంది. ఖరీదైన సింగిల్ ఎడ్జ్ రేజర్లలో చాలావాటికి ప్రత్యేకమైన బ్లేడ్లే పట్టాలి. జపాన్‌లో కత్తులకు పేరుపడ్డ సెకి పట్టణపు ఫెదర్ బ్లేడ్లు అద్భుతమైనవే, కానీ ఆత్మకూరు అంగట్లో దొరకవు. అందుకే ఎవరైనా నన్నడిగితే మామూలు రెండంచుల బ్లేడును నిలువునా విరిచి, సగం ముక్క పెట్టుకునే సింగిల్ ఎడ్జ్ రేజరు కొనమంటాను. ఒక్క బ్లేడు రెండు బ్లేడ్ల పని చేస్తుంది. ఆ చవక బ్లేడు ఏ కిరాణా కొట్లోనైనా ఉంటుంది. మూడు బ్లేడ్ల ప్లాస్టిక్ తలకాయ ఒక్కదానికే దానికన్నా ఎన్నో రెట్లు అవుతుంది. రేజరు మీద మొదట పెట్టిన డబ్బు తర్వాత బ్లేడ్ల మీద తిరిగి వస్తుంది.

ఆ సగం బ్లేడు పద్ధతి మన సెలూన్లదే. ఒకప్పుడు పొదిలో ఒకే కత్తి, రాయి మీద నూరి, తోలుపట్టీ మీద సాది, అందరికీ అదే. 1990లలో ఎయిడ్స్ గురించి ఊరూరా ప్రచారం జరిగాక, సగం బ్లేడు బిగించే కత్తి నిలబడిపోయింది. హెపటైటిస్ బి, సి కూడా రక్తం అంటిన అంచుతో సోకవచ్చు. తిరుమల కల్యాణకట్టలోనూ టోకెనుతో పాటు బ్లేడు చేతికిస్తారు. నూరే విద్య వెనక్కి పోయినా నడిపే విద్య పోలేదు. మంగళవారం సెలూన్లు మూసి ఉంటాయి. బుధవారం పొద్దున, రద్దీ లేనప్పుడు వెళ్లి, ఆ చేతి మణికట్టును అద్దంలో గమనించండి. ఎంత పొట్టి గీతలు గీస్తుందో, ఎడమచేతి వేళ్లు చర్మాన్ని ఎటు లాగుతున్నాయో చూడండి. ఏ పుస్తకమూ అంత బాగా నేర్పదు. నేర్చుకున్నందుకు కూలి మీద నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి రండి.

చివరగా ఒక మనవి. సెలూనులో కూర్చున్నప్పుడు మీ కళ్లముందే కొత్త బ్లేడు కాగితం విప్పమని అడగండి. ఇంట్లో వాడేసిన బ్లేడును మాత్రం విడిగా చెత్తలో వేయకండి. మూత ఉన్న రేకు డబ్బాకు సన్నని చీలిక పెట్టి అందులో జారవిడవండి. నిండడానికి ఏళ్లు పడుతుంది. నిండాక టేపు చుట్టి, పైన ‘బ్లేడ్లు’ అని పెద్ద అక్షరాలతో రాసి, చెత్త బండి వచ్చినప్పుడు చెప్పి చేతికివ్వండి. ఆ చెత్తను వేరుచేసేవాళ్లలో చాలామంది ఉత్త చేతులతోనే పనిచేస్తున్నారు.