గ్యాస్ కాదమ్మా, దుమ్ము

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని సామెత. విజయవాడలో ఏసీ మెకానిక్ ఫోను ఆ మర్నాటి నుంచే మోగడం మొదలుపెడుతుంది. మార్చిలో ఇంటికెళ్లి తీరిగ్గా భోంచేసే మనిషి, ఏప్రిల్ వచ్చేసరికి ఏ మెట్ల మీదో కూర్చుని పులిహోర పొట్లం విప్పుకుంటాడు. ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: చల్లదనం రావట్లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది, వచ్చి నింపి వెళ్లు.

సత్యనారాయణపురంలో ఓ మేడమీద ఇంటి పెద్దావిడ అడిగింది కూడా అదే. «గ్యాస్‌కి ఎంతవుతుంది బాబూ?»

«ముందు చూడనివ్వండమ్మా. వాడితే అయిపోవడానికి ఇదేమన్నా వంటింట్లో బండా?»

ఈ పనిలో తెలుసుకోవలసిన మొదటి సంగతి ఆ జవాబులోనే ఉంది. వంటింట్లో గ్యాస్ మండిపోతుంది. ఏసీలో గ్యాస్ మండదు, అరగదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో తిరిగిందే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. గదిలో ఉన్న కాయిల్‌లో మరిగి ఆవిరవుతూ గది వేడిని లాక్కుంటుంది. బయటి యూనిట్‌లో కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కితే ఆ వేడిని వీధిలోకి వదిలి మళ్లీ ద్రవమవుతుంది. అది తగ్గిందంటే ఎక్కడో చిల్లి పడ్డట్టే. చిల్లి వెతకకుండా ఏటా గ్యాస్ కొట్టించుకోవడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. అయినా ఎన్నో ఇళ్లలో జరుగుతున్నది అదే. కొట్టినందుకు డబ్బులొస్తాయి కాబట్టి కొట్టేసి వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఈ మెకానిక్ అలా చేయడు. నట్ల చుట్టూ జిడ్డు మరక ఉందేమో వేలితో తడిమి చూస్తాడు. గ్యాస్ కారే చోట కంప్రెసర్ నూనె కూడా కొంచెం బయటికొస్తుంది. అనుమానమొస్తే సబ్బునురగ పూసి, బుడగ కోసం ఓపిగ్గా కాచుకుని కూర్చుంటాడు.

ఇక్కడ బుడగ రాలేదు. ఎంసీబీ దించి, ముందు మూత ఎత్తి, జాలీలు బయటికి లాగాడు. రెండూ బూడిదరంగు కంబళి ముక్కల్లా ఉన్నాయి. దుప్పట్ల నూగు, అగరుబత్తి పొగ, వీధి దుమ్ము, ఏడాదిగా ఎవరూ ముట్టుకోని మురికి. జాలీ వెనకున్న అల్యూమినియం రేకులు కాగితమంత పలచన. రేకుకీ రేకుకీ మధ్య సందు మిల్లీమీటరో, కాస్త ఎక్కువో. గది గాలంతా ఆ సందుల్లోంచే పోయి చల్లబడి రావాలి. సందులు పూడితే గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే కాయిల్‌కి వేడి అందదు. వేడి అందని కాయిల్ మరీ చల్లబడి ఒక్కోసారి మంచు కడుతుంది, ఆ మంచు మిగిలిన సందుల్నీ మూసేస్తుంది. గ్యాస్ తగ్గినా కాయిల్ మీద మంచు కడుతుంది గనక, చూసినవాళ్లు గ్యాస్ సంగతే అనుకుంటారు. చాలా ఇళ్లలో అసలు దొంగ దుమ్ము.

«గ్యాస్ నిండుగానే ఉందమ్మా. దీనికి ఊపిరాడటం లేదు, అంతే.»

పాత ఏసీలైతే ఈ బాధను దాచుకునేవి కావు. కంప్రెసర్ ఆగకుండా రొద పెడుతుంటే ఇంట్లో ఎవరికో ఒకరికి అనుమానం వచ్చేది. ఇప్పటి ఇన్వర్టర్ ఏసీ గుట్టుమనిషి. ఊపిరాడకపోతే వేగం పెంచుకుని, చప్పుడు చేయకుండా గది చల్లబరుస్తూనే ఉంటుంది. సంగతి కరెంటు బిల్లులోనే బయటపడుతుంది. మూత మీద అయిదు నక్షత్రాల చీటీ మాత్రం కొన్ననాటిలాగే మెరుస్తుంటుంది. ఆ నక్షత్రాలు శుభ్రమైన కొత్త మిషన్‌ని పరీక్షించి, ఏడాదికి 1,600 గంటలు నడుస్తుందన్న లెక్కన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నియమాల ప్రకారం ఇచ్చినవి. దుమ్ము పట్టిన మిషన్‌కి నక్షత్రాలు ఎవరూ తగ్గించరు. తగ్గించే ఏర్పాటు ఉంటే బాగుండునని, ఆ జాలీలు చూసినప్పుడు నిజంగానే అనిపిస్తుంది.

టన్ను అన్న మాటకీ ఓ కథ ఉంది. ఒకటిన్నర టన్ను ఏసీ అంటే బరువని కొందరనుకుంటారు. అమెరికాలో మంచుగడ్డలతో గోదాములు చల్లబరిచే రోజుల్లో పుట్టిన కొలత అది. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని లాక్కుంటుందో, అంత లాగే శక్తి ఒక టన్ను. అది గంటకు 12,000 బీటీయూలు, దాదాపు మూడున్నర కిలోవాట్లు. ఇంకోమాట: ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, ఇంట్లో వేడిని ఎత్తుకెళ్లి బయట దించి వస్తుంది. దించే చోటు ఇరుకైతే మోత బరువెక్కుతుంది.

అందుకే ఈ మెకానిక్ లోపలి యూనిట్ కంటే బయటిదాన్నే ఎక్కువసేపు చూస్తాడు. గోడకీ దానికీ మధ్య జానెడు చోటైనా ఉందా, ఎదురుగా ఇంకో యూనిట్ వేడిగాలి దీని ముఖాన కొడుతోందా అని. సత్యనారాయణపురంలో పెద్దావిడ తన యూనిట్‌కి ఎండ తగలకూడదని ప్రేమగా గోనెసంచి కప్పింది. దానిమీద పావురాలు గూడు కూడా పెట్టాయి. బ్లేజ్‌వాడ అని పేరుపడ్డ ఊళ్లో, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, గోనె కప్పుకుని వేడిని వదలమంటే ఏ యంత్రం వదలగలదు? నీడ కావాలంటే పైన, గాలికి అడ్డం రాకుండా ఏర్పాటు చేసుకోవాలి.

కడగడం మామూలు పనిలా కనిపిస్తుంది గానీ అందులోనూ పనితనం ఉంది. ముందు సర్క్యూట్ బోర్డుకు ప్లాస్టిక్ సంచి చుడతాడు. జెట్ పంపు నీళ్లు రేకులకు ఎదురుగా, వాటి సందుల్లోకి సూటిగా పడాలి. పక్కవాటంగా కొడితే రేకులు ఒరిగిపోయి దారి మూసుకుంటుంది. ఒరిగినవాటిని లేపడానికి సన్నపళ్ల దువ్వెన ఒకటి అతని సంచిలో ఉంది. బిడ్డకి పేలు దువ్వినంత మెల్లగా దువ్వుతాడు. విశాఖలో సముద్రపు గాలికి ఇవే రేకులు ఉప్పు పట్టి పొడిపొడిగా రాలిపోతాయి. అక్కడి బయటి యూనిట్లకు మంచినీళ్ల స్నానం మరింత తరచుగా కావాలి.

బకెట్‌లోకి వచ్చిన నీళ్లు కాఫీ డికాక్షన్‌లా ఉన్నాయి. పెద్దావిడ ముక్కు మూసుకుంది. «ఇన్నాళ్లూ మేం పీల్చింది ఇదేనా!»

ఈ చేతిపనికి దక్కవలసిన గౌరవం దక్కడం లేదు. ఏసీని ఊడదీసి వేరే ఇంటికి మార్చినప్పుడు, గొట్టాల్లో గాలినీ తేమనీ వాక్యూమ్ పంపుతో లాగేయాలి. తేమ మిగిలితే అది నూనెతో కలిసి ఆమ్లమై, కంప్రెసర్‌ని లోపల్నుంచి తినేస్తుంది. చాలామంది కాస్త గ్యాస్ వదిలి ఆ గాలిని తోసేసి, అయిందనిపిస్తారు. చిల్లి పరీక్షకు నైట్రోజనే వాడాలి. ఆక్సిజన్ నింపితే నూనెతో కలిసి పేలిపోతుంది, ప్రాణాలు పోతాయి. కొత్త ఏసీల్లోని ఆర్-32 గ్యాస్ కొద్దిగా మండే రకం. పైగా గాల్లోకి వదిలితే ఒక కిలో, 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. దానికి ముందొచ్చిన ఆర్-410ఏ అయితే 2,088 కిలోలతో సమానం. ఇలాంటి గ్యాసులను తగ్గిస్తామని భారతదేశం 2021లో కిగాలీ ఒప్పందాన్ని ఆమోదించింది. 2019లో వచ్చిన దేశ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్ష మంది సర్వీసు మెకానిక్‌లకు శిక్షణ, ధ్రువపత్రం ఇప్పించాలని రాసుకుంది. ఆ కాగితాలమీది మాటలన్నీ చివరికి నిలబడేది, మూడో అంతస్తు సన్‌షేడ్ మీద నడుముకు తాడు లేకుండా నిలబడ్డ ఈ మనిషి చేతుల్లోనే. ఐటీఐలో రెండేళ్లు చదివి వచ్చినవాడికీ, గురువు వెంట స్పానర్ అందిస్తూ నేర్చుకున్నవాడికీ ముందు ఆ తాడు అందాలి.

వేడి చేసే మిషన్లదీ ఇదే వరస. హైదరాబాద్‌లో బోరునీళ్ల మీద నడిచే గీజర్ విప్పితే కాయిల్ చుట్టూ సున్నపు పెచ్చు కనిపిస్తుంది. ఆ పెచ్చు నీళ్లకీ వేడికీ మధ్య గోడ కడుతుంది, కాయిల్ తనలో తాను మాడిపోతుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటి లోపల ఉంటుంది. అది ఉందనే చాలా ఇళ్లవాళ్లకు తెలియదు, మార్చడం సంగతి అటుంచి.

సత్యనారాయణపురంలో మూత బిగించాక మెకానిక్ రిమోట్ అందుకున్నాడు. పెద్దావిడ 18 పెట్టమంది. అతను 24 దగ్గర ఆపి, ఫ్యాన్ కూడా వేశాడు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించాలన్న నియమం అందుకే వచ్చింది. గాలి వెళ్లే చోట ఒకసారి, వచ్చే చోట ఒకసారి చిన్న థర్మామీటర్ పెట్టి చూశాడు. తేడా 11 డిగ్రీలు. కడగక ముందు 6.

«మళ్లీ ఎప్పుడొస్తావు?»

«నేను ఏడాదికి రెండుసార్లొస్తే చాలమ్మా. జాలీలు మాత్రం రెండు వారాలకోసారి మీరే కడగాలి. ఇదుగో, ఇలా నొక్కితే ఊడొస్తుంది. కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టండి.»

ఆవిడ రెండుసార్లు ఊడదీసి, రెండుసార్లు తగిలించి చూసుకుంది. తర్వాత వంటింట్లో గోడకున్న కేలండర్ దగ్గరికి వెళ్లి, పాల లెక్కలూ గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకున్న పేజీలో, రెండు వారాల తర్వాతి ఆదివారం గడిలో పెన్సిల్‌తో «జాలీ» అని రాసింది.