రెండు కొండల నడుమ సూర్యుడు

మూడో తరగతి పిల్లలు వేసే బొమ్మలను విమర్శకుడు పట్టించుకోవడమెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. కళ అంటే ఏమిటో సమాజం మనిషికి మొట్టమొదట చెప్పేది ప్రాథమిక పాఠశాలలోనే. ఆ చెప్పిన మాట జన్మంతా వెంటవస్తుంది. అంచేత ఆ గోడలమీది బొమ్మలను కూడా మనం కథలనూ, కవితలనూ చదివినంత శ్రద్ధగా చదవాలి.

కొంతకాలం క్రితం ఏన్కూరు ప్రాంతంలోని ఒక చిన్న బడికి వెళ్ళాను. ఖమ్మం చేలు వెనకబడి భద్రాచలం వైపు అడవులు కనిపించే సీమ అది. పత్తి, మిరప చేల మధ్య కోయగూడేలూ, లంబాడీ తండాలూ వున్నాయి. తరగతి గోడనిండా చార్టులు: రవాణా సాధనాలు, మన పండుగలు, నీటి పొదుపు. అన్నీ ఫ్యాన్సీ షాపులో కొన్న రంగుబొమ్మలు కత్తిరించి అంటించినవే. చేత్తో వేసినవి లేకపోలేదు. రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక పడవ, ఒక కొబ్బరిచెట్టు. దీన్ని పిల్లలు ‘సీనరీ’ అంటారు. పదకొండు సీనరీలు లెక్కపెట్టాను. పదకొండింటా అదే సూర్యుడు. ఇప్పచెట్టు కింద ఆడుకునే పిల్లల బొమ్మల్లో ఇప్పచెట్టు ఒక్కటీ లేదు!

ఒక కోయపిల్ల మాత్రం చార్టు తేలేదు. ఎందుకని అడిగితే తల వంచుకుంది. పక్కపిల్ల జవాబు చెప్పింది: “వాళ్ళమ్మ మిరప కోతకు పోయింది సార్. పైసలియ్యలే.” మార్కుల పుస్తకంలో ఆ పిల్ల గడి ఖాళీగా వుంది.

యీ పరిస్థితికి ఆ ఉపాధ్యాయుణ్ణి నిందించడం సులభం. కానీ అది అన్యాయం. 2005 జాతీయ విద్యాప్రణాళికా చట్రం పదో తరగతి వరకు కళలు తప్పనిసరిగా వుండాలన్నది. 2009 విద్యాహక్కు చట్టం పిల్లలు కృత్యాలద్వారా, అన్వేషణద్వారా నేర్చుకోవాలన్నది. ఉమ్మడి రాష్ట్రపు 2011 విద్యా ప్రణాళిక పరిధి పత్రం వెంట వచ్చిన నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులు ఏర్పడ్డాయి. బట్టీ చదువునుంచి పిల్లలను విడిపించాలన్న ఆ ఉద్దేశం మంచిదే. అయితే మార్కు వచ్చిన చోటికి అంగడి వెంటనే వచ్చింది. సృజనకు ఇవ్వవలసిన మార్కు కొనుగోలు శక్తికి దక్కింది. నేనూ ఉపాధ్యాయుణ్ణే. మెరిసే చార్టుకు పూర్తి మార్కులు వేసిన పాపం నా చేతులకూ వుంది.

పిల్లవాణ్ణి అతని మానాన వదిలేస్తే కళ దానంతటదే పుడుతుందనే వాదమొకటి వుంది. 1897లో వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ బాలల చిత్రకళా తరగతి తెరిచి, పెద్దల పద్ధతులను పిల్లలపై రుద్దవద్దన్నాడు. అది గొప్ప ముందడుగు. ఆ నమ్మకంతోనే నేను పిల్లలందరికీ తెల్లకాగితాలు పంచి, మీ ఇష్టం వచ్చింది వేయమన్నాను. మళ్ళీ రెండు కొండలే వచ్చాయి! బొమ్మంటే సీనరీ అని ముందే నేర్పిన చేతికి తెల్లకాగితం స్వేచ్ఛను ఇవ్వలేదు.

అప్పుడు ఆ పిల్లను అడిగాను: “పండుగకు మీ ఇంటి గోడ ఎవరు అలుకుతారు?” “అమ్మ అలుకుద్ది. జాజు మీద సున్నంతోటి చుక్కలు నేనే పెడత,” అన్నది. పెట్టి చూపమంటే సుద్దపొడి నీళ్ళలో కలిపి, వేలితో నేలమీద మొదలుపెట్టింది. జానెడు జానెడుకూ చెయ్యి ఆనించి దూరం కొలుచుకుంది. నలుగురు చేరారు. “మా ఇంట్ల అట్ల పెట్టరు,” అని ఒక లంబాడీ పిల్ల వాదానికి దిగింది. ఆ బడిలో నేను విన్న మొదటి కళావిమర్శ అదే.

కోయల ఇలవేల్పుల పడిగెలను చూసినవారికి యిందులో ఆశ్చర్యం వుండదు. ఆ త్రికోణపు గుడ్డమీది బొమ్మల్లో ఒక వంశం చరిత్ర వుంటుంది. డోలీలవాళ్ళు ఆ చరిత్రను పాడతారు. అక్కడ బొమ్మ, పాట, చరిత్ర విడివిడి సబ్జెక్టులు కావు. లంబాడీ స్త్రీ అద్దాలు కుట్టే వస్త్రమూ ఆమె కట్టుకునేదే.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. తనిఖీ రోజున పిల్లలకు వేషం వేసి ‘గిరిజన కళ’ అని ప్రదర్శిస్తే అది కూడా మరో చార్టే అవుతుంది. చేతిపనికి బడిలో చోటివ్వడమన్నది కొత్త ఆలోచన కాదు. 1937 వార్ధా పథకం చేతివృత్తిని చదువుకు కేంద్రం చేసింది. కానీ పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు వెళ్ళాలన్న ఆలోచన తీవ్ర విమర్శకు గురైంది. శ్రమనూ విద్యనూ కలపాలన్న మార్క్సే బాలకార్మిక వ్యవస్థ క్రూరత్వాన్నీ బయటపెట్టాడు. తల్లి శ్రమలోని తెలివి బిడ్డ చదువులోకి రావాలి. బిడ్డ మాత్రం మిరపచేలోకి పోగూడదు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి యింతే. కొన్న చార్టుకు మార్కు వేయకండి. కాగితమూ రంగూ కావలసివస్తే బడే ఇవ్వాలని పోరాడండి. ఇంటి గోడ ఎవరు అలుకుతారో, చుక్కల మధ్య దూరం ఎలా కొలుస్తారో పిల్లలనడిగి, వారు చెప్పింది లెక్కల పాఠంలోకీ తెలుగు పాఠంలోకీ తీసుకురండి. చార్టు తేలేని పిల్ల గడి ఖాళీగా కనిపించినప్పుడు, ఆ సున్నా ఎవరికి పడాలో ఒక్కసారి ఆలోచించండి.