నాలుగో కాలు

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మా తాతయ్య తరచూ అనేవాడు. పాలేరు ఆలస్యంగా వచ్చినా, నేను లెక్కలు తప్పినా అదే మాట. అందులో నిజమెంతో ఎన్నడూ ఆలోచించలేదు. పోయిన అక్టోబరులో ఒక గుర్రం మీద కూర్చుని ఉండగా ఆ మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చి, చేయకూడని పని చేయించింది.

మా అక్కావాళ్ళు నాష్‌విల్‌లో ఉంటారు. బావగారికి రెండు గుర్రాలున్నాయి. వాటిని ట్రెయిలర్‌లో ఎక్కించుకుని, దాదాపు మూడు గంటల దూరంలోని బిగ్ సౌత్ ఫోర్క్‌కు నన్నూ తీసుకెళ్ళారు. టెన్నెసీ, కెంటకీ సరిహద్దులో కంబర్లాండ్ పీఠభూమిని లోతుగా కోసుకుంటూ పారే నది అది. ఒకప్పుడు బొగ్గు తవ్వకాలతో, కలప నరకడంతో నలిగిపోయిన నేల. 1974లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి, సుమారు లక్షా పాతిక వేల ఎకరాలను పార్కుగా కాపాడుకునే దారి వేసింది. దుంగలు లాగిన పాత బాటలు కొన్ని ఇప్పుడు గుర్రాల బాటలు.

మేం దిగింది పార్కు బయట, చెక్క క్యాబిన్లు ఉన్న చిన్న క్యాంపులో. మనుషులకు రెండు మంచాలు, ఒక పొయ్యి, ఒక వరండా. గుర్రాలకు పక్కనే కొట్టం. గేటు దగ్గర మా కాగితాల కంటే ముందు గుర్రాల కాగితాలు అడిగారు. జోరీగల వల్ల వ్యాపించే ఒక రక్తవ్యాధి వాటికి లేదని చెప్పే కాగిన్స్ పరీక్ష పత్రం అది. ఆ జబ్బుకు మందు లేదు, అందుకే అంత పట్టింపు.

నాకిచ్చింది పదిహేనేళ్ళ ఆడగుర్రం, టెన్నెసీ వాకింగ్ హార్స్ జాతి. ఆ జాతి నడకలో ఎగుడుదిగుడు ఉండదు. కింద నాలుగు కాళ్ళూ వేగంగా కదులుతున్నా పైన మనిషి వాలుకుర్చీలో కూర్చున్నట్టే ఉంటాడు. ఇసుకరాతి గోడల పక్కగా, రాలుతున్న ఆకుల మీదుగా మూడు గంటలు అలాగే నడిచింది. చివరి మైలులో మాత్రం వెనకబడింది. బావగారి గుర్రం మలుపు తిరిగి కనుమరుగైంది. బద్ధకిస్తోందనుకున్నాను. తాతయ్య మాట గుర్తొచ్చి మడమలతో డొక్కలో పొడిచాను. రెండుసార్లు. పాపం, అది తల వంచుకుని నడిచింది.

క్యాంపులో దిగి వరండా మెట్టు మీద కూలబడబోయాను. "కూర్చోవడం తర్వాత బావా, ముందు దానికి నీళ్ళు" అన్నారు బావగారు. నీళ్ళయ్యాక పొట్ట కింద బిగించిన తంగుపట్టీ విప్పాం, జీను దించాం, చెమట పట్టిన వీపు రుద్దాం. ఆ తర్వాత కాళ్ళు. మూడు కాళ్ళూ శుభ్రంగానే ఉన్నాయి. నాలుగోది, కుడి ముందుకాలు, ఎత్తి చూస్తే లాడానికీ డెక్క మధ్యలో ఉండే మెత్తని త్రిభుజానికీ నడుమ చింతగింజ కంటే కాస్త పెద్ద రాయి ఇరుక్కుని ఉంది. బావగారు ఇనుప కొక్కెంతో దాన్ని పెకలించి నా అరచేతిలో పెట్టారు. ఏమీ అనలేదు. అంత చిన్న రాయి మీద నన్ను మోస్తూ అర టన్ను బరువు జంతువు ఎంత దూరం నడిచిందో నాకు తెలియదు. అది మాత్రం చెబుతూనే వచ్చింది, అడుగు కుదించి. నేను దాన్ని బద్ధకం అన్నాను.

మర్నాడు స్వారీ మానేశాం. ట్విన్ ఆర్చెస్ అనే జంట రాతి కమానులు చూడాలనుకున్నది అలాగే ఉండిపోయింది. రోజంతా గుర్రం దగ్గరే గడిపాను, ఆ రోజే దాన్ని చూసుకునే పని నాకు కాస్త అర్థమైంది. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు. శరీరానికి తగినంత పెద్ద కడుపూ లేదు, మేస్తున్నా మేయకున్నా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. అందుకే ఒక్కసారి దండిగా పెట్టి వదిలేస్తే కుదరదు. రోజుకు ఎనిమిది, పది కిలోల ఎండుగడ్డి కొంచెం కొంచెంగా, ఇరవై నుంచి నలభై లీటర్ల నీళ్ళు. ఊళ్ళో జట్కాగుర్రాలకు పొద్దున్నే ఉలవ గుగ్గిళ్ళు పెట్టి, సాయంత్రం దాకా మధ్యమధ్య పచ్చగడ్డి అందించిన వాళ్ళు ఇదంతా చదివి నేర్చుకోలేదు. ఈ గుర్రపు క్యాంపులకు జనం స్వారీ కోసమే వస్తారనుకునేవాణ్ణి. స్వారీ నాలుగు గంటలే. మిగతా ఇరవైలో నీళ్ళు మోయడం, పేడ ఎత్తడం, డెక్కలు చూడడం. నాకు ఆ ఇరవై గంటలే ఎక్కువ నచ్చాయి.

మూడో రోజు పొద్దున బావగారు నా గుర్రాన్ని పగ్గం పట్టి గట్టినేల మీద నడిపించి, పరుగెత్తించి, డెక్క మీద చెయ్యి వేసి వేడి లేదని చూశారు. "ఎక్కు" అన్నారు. ఎక్కకముందు నాలుగు డెక్కలూ నేనే మళ్ళీ ఎత్తి చూశాను. స్టేషన్ క్యాంప్ దగ్గర నది దాటాలి. నీరు తగ్గి, అడుగున గులకరాళ్ళు కనబడుతున్నాయి. సగం దాకా వెళ్ళి నా గుర్రం ఆగిపోయింది. బావగారు అప్పటికే అవతలి గట్టెక్కారు. నేను మడమలు కదపకుండా పగ్గం వదులు చేశాను. అది మెడ బారుగా సాచి నీళ్ళు తాగింది. ఒక్కో గుటకా నా మోకాళ్ళకు తెలుస్తోంది.